పిల్లికూన మౌనం

బల్కంపేట ఎల్లమ్మ గుడికి అల్లంత దూరంలో ఒక ఇరుకు సందు. ఒకనాటి ఉదయం ఆ సందులోని మేడ మూడవ అంతస్తు పిట్టగోడ మీదినుండి పిల్లికూన ఒకటి జారి నేల మీద పడ్డది. వాకిట పూలు గుచ్చుతున్న అవ్వ ఉలికిపడి చూచింది. నెత్తురు లేదు, అరుపు లేదు. కూన లేచి, తూలుతూ నాలుగడుగులు వేసి, మెట్ల క్రింది చీకటిలో ముడుచుకొని కూర్చున్నది.

“ఏం గాదవ్వా! పిల్లి ఎంత మీదికెల్లి పడ్డా కాళ్ల మీదనే దిగుతది” అన్నాడు ఇస్త్రీబండి అతను.

కాళ్ళ మీద దిగుట నిజమే కావచ్చు. కాని లోపల ఏమి జరిగినదో కాళ్ళు చెప్పవు. మేడల మీదినుండి పడిన 132 పిల్లుల వివరాలను న్యూయార్కు పశువైద్యులు 1987లో ప్రకటించారు. వాటిలో అత్యధికం ఛాతీలో దెబ్బ తిన్నవే. ఐనా చికిత్స పొందిన వాటిలో పదింట తొమ్మిది బ్రతికినవి. ఆ లెక్కలో భయమూ ఉన్నది, ఆశా ఉన్నది.

పిల్లి బాధను దాచుకొనే ప్రాణి. నొప్పిలో కూడ గురగురమంటుంది. కనుక అరుపును బట్టి కాక, గుర్తులను బట్టి నిర్ణయించవలె. కదలక పడుకొన్న పిల్లి నిమిషానికి సుమారు 20 నుండి 30 సార్లు ఊపిరి తీస్తుంది. కూనలో కొంచెం ఎక్కువ ఉండవచ్చు. అంతకు మించి డొక్కలు ఎగురవేసినా, నోరు తెరచి రొప్పినా, గులాబివన్నె చిగుళ్ళు పాలిపోయినా, ఒళ్ళు చల్లబడినా, కాళ్ళు ఈడ్చినా, మూత్రం రాకపోయినా ఒక్క గడియ ఆగరాదు. కంటి గాయం, కుక్క కాటు, నేల మోపలేని కాలు—ఇవి ఆ దినమే వైద్యునికి చూపవలసినవి. పైచర్మం మాత్రమే గీసుకొనిపోయి, కూన ఆడుతూ, తింటూ ఉంటే ఒక దినం ఇంటనే కనిపెట్టవచ్చు. చిన్న కూన ఒక పూట తిండి మానితే ఆ గడువు కూడ చెల్లినట్లే.

ఇంటివైద్యం చేసే కీడు తక్కువ కాదు. మనుషులు జ్వరానికి వేసుకొనే పారాసిటమాల్ పిల్లికి విషం. ఆ మందు దోషాన్ని విరిచే శక్తి దాని కాలేయానికి చాలదు. ఒక్క మాత్ర ప్రాణం తీయగలదు. సోలిపోయిన కూన నోట పాలు పోస్తే అవి ఊపిరితిత్తులలోనికి పోవచ్చు. గుడ్డలో చుట్టి, గాలి ఆడే అట్టపెట్టెలో కదలకుండ పడుకోబెట్టుటే చేయదగిన ఉపచారం. ఎత్తేటప్పుడు కరచినా, గీరినా ఆ చోటును సబ్బుతో 15 నిమిషాలు కడిగి, మనిషి కూడ ఆసుపత్రికి పోవలె.

“పిల్లికి గూడ డాక్టరా?” అని నవ్వేవారు ప్రతి వీధిలోను ఉంటారు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుని శాసనాలు నేటికీ ఉన్నవి. మనుషులకొకటి, పశువులకొకటి, రెండు విధాల వైద్యం ఏర్పరచినట్లు రెండువేల రెండువందల యేండ్ల క్రిందటనే ఆయన చెక్కించాడు. నవ్వేవారికి ఆ జవాబు చాలును.

శ్రీవైష్ణవులు రెండు న్యాయాలు చెబుతారు. కోతిపిల్ల తల్లిని తానే కరచుకొంటుంది. అది మర్కటకిశోర న్యాయం. పిల్లికూన అట్లు కాదు. తల్లి నోట కరచుకొని పోవలసినదే. అది మార్జాలకిశోర న్యాయం. మెట్ల క్రింది కూనకు ఆ వేళ తల్లి దగ్గర లేదు.

అవ్వ మనుమని పిలిచి ఫోనులో గడియారం చూడమన్నది. తాను వంగి, కూన డొక్కల మీద చూపు నిలిపి లెక్క పెట్టింది. అర నిమిషంలోనే 30 దాటినవి.

“ఆటోను పిలువు బిడ్డా, నారాయణగూడ పశువుల దవాఖానకు పోదాం” అన్నది. గుచ్చుతున్న మాల సగంలోనే ఆగిపోయినది. పూలబుట్ట ఖాళీ చేసి, అందులో తన పాత చీర ముక్క పరచింది.