తెల్ల ఈక

యుద్ధకాలంలో సైన్యంలోకి మగవాళ్లు మూడు దారుల్లో వెళ్తారు. తనంతట తానే వెళ్లి పేరు రాయించుకునేవాడు వాలంటీరు. చట్టానికి తలవంచి వెళ్లేవాడు నిర్బంధ సైనికుడు. ఒకసారి సైన్యంలో పనిచేసి ఇంటికొచ్చేసి, యుద్ధం రాగానే మళ్లీ పిలుపందుకునేవాడు రిజర్విస్టు. ఏ దారిన వెళ్లినా ఇంట్లో ఆడవాళ్లని "మీరేమంటారు?" అని అడిగేవాళ్లుండరు. అయితే మగవాళ్లని పంపించే పనికి మాత్రం ఆడవాళ్లు కావాలి! మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌లో జరిగిందదే.

1914 ఆగస్టులో యుద్ధం మొదలవగానే ముందు పిలుపొచ్చింది రిజర్విస్టులకి. చేస్తున్న ఉద్యోగాలు వదిలి, భార్యాబిడ్డల్ని వదిలి వెళ్లిపోయారు. భార్యలకి ప్రభుత్వం ఇస్తానన్న భత్యం మాత్రం చాలామందికి ఆలస్యంగా చేరింది. ఇంటి అద్దె, పిల్లల పాలు అంతవరకూ ఆగుతాయా?

ఆ నెలాఖరులోనే ఫోక్‌స్టోన్ అనే ఊళ్లో ఫిట్జ్‌జెరాల్డ్ అనే నౌకాదళాధికారి ముప్ఫైమంది ఆడవాళ్లని పోగుచేసి, వాళ్ల చేతికి తెల్ల ఈకలిచ్చాడు. మామూలు బట్టల్లో వీధిలో కనిపించిన కుర్రాడికల్లా ఓ ఈక ఇవ్వడం వాళ్ల పని. 'నువ్వు పిరికివాడివి' అని దానర్థం. చూస్తుండగానే ఈ పద్ధతి దేశమంతా పాకింది. సెలవు మీద ఇంటికొచ్చిన సైనికులకీ, గాయాలతో తిరిగొచ్చిన వాళ్లకీ కూడా ఈకలిచ్చారట! చివరికి 1916లో, గాయాలవల్లో జబ్బువల్లో సైన్యం నుంచి పంపించేసిన వాళ్లకి ప్రభుత్వమే వెండి బ్యాడ్జి ఇవ్వాల్సొచ్చింది. నలుగురిలో అవమానం భరించలేక పేరు రాయించుకున్న కుర్రాణ్ణి వాలంటీరని ఎలా అనగలం?

ఒకే ఊరివాళ్లు కలిసి చేరితే ఒకే దళంలో ఉంచుతామన్నారు. స్నేహితులు, అన్నదమ్ములు కలిసే వెళ్లారు. 1916 జులై 1న సోమ్ యుద్ధంలో అక్రింగ్టన్ దళం నుంచి సుమారు 700 మంది ముందుకెళితే, 584 మంది చనిపోవడమో, గాయపడటమో, ఆచూకీ లేకుండా పోవడమో జరిగింది. ఆ చిన్న ఊళ్లో ఏ వీధి ఆడవాళ్లు ఏ వీధి ఆడవాళ్లని ఓదార్చాలి?

అప్పటికే వాలంటీర్లు చాలక 1916 జనవరిలో నిర్బంధ చట్టం తెచ్చారు. మొదట పెళ్లికాని వాళ్లకన్నారు. మే నెలకల్లా పెళ్లయినవాళ్లనీ చేర్చేశారు.

ఆడవాళ్ల ఓటు హక్కు కోసం పోరాడిన పాంక్‌హర్స్ట్ ఇల్లు కూడా ఈ విషయంలో రెండుగా చీలింది. తల్లి ఎమ్మెలిన్ నిర్బంధ సైనిక సేవని సమర్థించింది. కూతురు సిల్వియా యుద్ధాన్నే వ్యతిరేకించింది. లండన్ ఈస్ట్ ఎండ్‌లో పేదలకి ఖర్చు ధరకే భోజనం పెట్టింది. ఆడవాళ్లకి పని చూపించడానికి బొమ్మల తయారీ ఫ్యాక్టరీ పెట్టింది. సైనికుల భార్యలకి రావలసిన భత్యం కోసం అధికారులతో తగువులాడింది.

ఈకలు పంచడానికి ఓ గంట చాలు. సిల్వియా పెట్టుకున్న పని ఏళ్లతరబడి చేయాల్సింది. మన వీధిలోనూ మిలటరీలో ఉన్నవాళ్ల ఇళ్లుంటాయి. "మీ ఆయన దేశానికే గర్వకారణం" అని ఆ ఇల్లాలితో తప్పక అందాం. దాంతోపాటు, "ఈ నెల డబ్బు అందిందా? పిల్లాడికి జ్వరం తగ్గిందా? ఆసుపత్రికి నేను తోడు రానా?" అని కూడా అడుగుదాం. ఆమెకి అవసరమైన మాటలు అవే.