పేడ, కూరగాయల వ్యర్థాల నుంచి వాహన ఇంధనం: మెంబ్రేన్ పద్ధతిలో బయోగ్యాస్ శుద్ధి

రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల, మొయినాబాద్ మండలాలు హైదరాబాద్ నగరానికి కూరగాయలు, పూలు, పాలు అందిస్తున్న ప్రాంతాలు. పశువుల పేడ, అమ్ముడుపోని కూరగాయలు ఇచ్చట నిత్యం పోగవుతుంటాయి. నగర దాహార్తిని తీర్చేందుకు 1920లో నిర్మించిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్ జలాశయాలు సమీపంలోనే ఉన్నందున, ఈ వ్యర్థాలు వాగులలో కలవకుండా చూడవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది.

ఇట్టి వ్యర్థాలను ఇంధనంగా మార్చవచ్చునని బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ నిరూపించింది. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పరిజ్ఞానంతో రోజుకు 10 టన్నుల వ్యర్థాల నుంచి సుమారు 500 యూనిట్ల విద్యుత్తు, 30 కిలోల గ్యాస్ ఉత్పత్తి లక్ష్యంగా అచ్చట ప్లాంటు నెలకొల్పారు. 2021 జనవరిలో ప్రధానమంత్రి "మన్ కీ బాత్" కార్యక్రమంలో దీనిని ప్రస్తావించారు.

బయోగ్యాస్‌లో మీథేన్ సాధారణంగా 55 నుంచి 65 శాతం మాత్రమే ఉంటుంది. మిగిలినదంతా దాదాపు బొగ్గుపులుసు వాయువే. పొయ్యికి ఈ గ్యాస్ సరిపోతుంది. వాహనాలకు వాడాలంటే భారతీయ ప్రమాణాల ప్రకారం కనీసం 90 శాతం మీథేన్ ఉండాలి.

శుద్ధిలో ముందుగా హైడ్రోజన్ సల్ఫైడ్‌ను, తేమను తొలగిస్తారు. అనంతరం గ్యాస్‌ను ఒత్తిడితో సన్నని పాలిమర్ గొట్టాల గుండా పంపుతారు. బొగ్గుపులుసు వాయువు గొట్టాల గోడల గుండా త్వరగా బయటకు పోతుంది. మీథేన్ లోపలే నిలిచి ముందుకు సాగుతుంది. ఒకే దశలో కొంత మీథేన్ వృథా అవుతుంది గనుక, రెండు మూడు దశలలో గ్యాస్‌ను తిరిగి పంపుతారు. మీథేన్ వాతావరణంలో కలిస్తే వంద సంవత్సరాల లెక్కన బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు అధికంగా భూతాపాన్ని పెంచుతుంది. ఈ పద్ధతిలో వడపోతకు నీరు గానీ, రసాయన ద్రావణాలు గానీ అవసరం లేకపోవడం విశేషం. అయితే కంప్రెసర్‌కు విద్యుత్తు ఖర్చు తప్పదు. ముందస్తు శుద్ధిని ఉపేక్షిస్తే మెంబ్రేన్లు త్వరగా పాడవుతాయి.

కావున నాలుగైదు పశువులున్న రైతుకు ఇంటి గోబర్ గ్యాస్ ప్లాంటే లాభదాయకం. శుద్ధి యంత్రాలు గ్రామాలు, పాల సంఘాలు, మార్కెట్ యార్డులు కలిసి పేడను, వ్యర్థాలను ఒకచోటికి చేర్చగలిగినప్పుడే గిట్టుబాటవుతాయి. మిగిలిన స్లర్రీ పొలానికి చక్కని ఎరువు. హైడ్రోజన్ సల్ఫైడ్ ప్రాణాంతకం కాబట్టి, తగిన రక్షణ లేకుండా ప్లాంటు తొట్టిలోకి ఎవరూ దిగరాదు.