పళ్ళు తగ్గితే బరువు పెరుగుతుందా?

పళ్ళు ఊడిన ముసలివాళ్ళు తిండి తినలేక చిక్కిపోతారని అందరూ అనుకుంటారు. అది సగమే నిజం. కొందరు చిక్కిపోతారు, కొందరు లావెక్కుతారు. స్థూలకాయులైన వృద్ధుల్లో పళ్ళు పోగొట్టుకున్నవారు ఎక్కువగా ఉంటున్నట్టు పలు దేశాల అధ్యయనాల్లో కనిపించింది.

జ్ఞానదంతాలతో కలిపి మనిషికి 32 పళ్ళు. వాటిలో 20 మిగిలితే కట్టుడు పళ్ళు లేకున్నా చాలావరకు అన్నీ తినవచ్చు. జపాన్ 1989లో మొదలుపెట్టిన ‘8020’ ఉద్యమం ఈ లెక్క మీదే నడిచింది: 80 ఏళ్ళ వయసుకు 20 సొంత పళ్ళు. అప్పట్లో ఆ వయసువారిలో పదిమందిలో ఒకరికి కూడా 20 పళ్ళు ఉండేవి కావు. 2016 సర్వే నాటికి సగం మందికి పైగా ఉన్నాయి. ప్రపంచం మొత్తం మీద మాత్రం 60 దాటినవారిలో సుమారు 23 శాతం మందికి ఒక్క పన్నూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ముందు పళ్ళు పోతే నలుగురిలో నవ్వడానికి సిగ్గు. దవడ పళ్ళు పోతే కంచమే మారిపోతుంది. జొన్నరొట్టె, వేరుశనగ గుళ్ళు, జామకాయ, పచ్చి క్యారెట్, మాంసం ఒక్కొక్కటే దూరమవుతాయి. మెత్తటి అన్నం, ఇడ్లీ, ఉప్మా, టీలో నానబెట్టిన బిస్కెట్లు, కేకు, స్వీట్లు వాటి చోటికి వస్తాయి. పీచు, మాంసకృత్తులు తగ్గి పిండిపదార్థాలు, చక్కెర, కొవ్వు పెరుగుతాయి. మెత్తటి తిండి నమిలే పని లేకుండా గబగబా దిగిపోతుంది కాబట్టి, కడుపు నిండిన సంగతి తెలిసేలోగా మరో రెండు ముద్దలు లోపలికి వెళ్తాయి. ఈ వయసులో నడక కూడా తగ్గుతుంది. మాంసకృత్తులు చాలక కండ కరుగుతుంటే దాని పక్కనే కొవ్వు పేరుకుంటుంది. అందుకే లావుగా కనిపించే వృద్ధుల్లోనూ పోషకాహార లోపం ఉండవచ్చు. ఇంట్లోవాళ్ళకు ఇది తట్టదు. తూకం యంత్రమూ చెప్పదు.

అయితే నేరమంతా పళ్ళ మీదే వేయడం సరికాదు. ఊబకాయం ఒంట్లో వాపు లక్షణాన్ని పెంచి చిగుళ్ళ వ్యాధి ముదిరేలా చేస్తుంది. మధుమేహం తోడైతే చిగుళ్ళు ఇంకా త్వరగా దెబ్బతిని పళ్ళు కదులుతాయి. చక్కెర అయితే పంటినీ పుచ్చేలా చేస్తుంది, నడుమునూ పెంచుతుంది. పేదరికం ఉన్నచోట వైద్యమూ అందదు, మంచి తిండీ దొరకదు. కాబట్టి పళ్ళు పోవడమే బరువుకు కారణమని తేల్చి చెప్పలేం. రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయన్నదే ఇప్పటికి సబబైన మాట.

కట్టుడు పళ్ళు పెట్టించుకుంటే సమస్య తీరిపోతుందనుకోవడమూ పొరపాటే. పూర్తి సెట్టుతో కొరికే బలం సొంత పళ్ళ బలంలో చిన్న వంతే. పళ్ళు పోయిన చోట దవడ ఎముక అరిగేకొద్దీ సెట్టు వదులై జారుతుంది, చిగుళ్ళు ఒరుసుకుపోతాయి. చివరికి అది భోజనం వేళ గ్లాసు నీళ్ళలోనే ఉండిపోతుంది. సెట్టు సరిగ్గా కుదిరినా, ఏళ్ళ తరబడి అలవాటైన మెత్తటి తిండి దానంతటదే మారదు. ఏం తినాలో, ఎలా వండుకోవాలో చెప్పే సలహా కూడా తోడైతేనే ఆహారం మెరుగుపడుతుంది. ఆకుకూర పప్పు, గుడ్డు, చేప, పెరుగు, బాగా మగ్గిన బొప్పాయి, తురిమి ఉడికించిన క్యారెట్ పళ్ళు లేనివారూ హాయిగా తినగలిగినవే.

వృద్ధుల బరువు చూసే డాక్టరు ఒకసారి నోరూ తెరిపించి చూడాలి. పళ్ళ డాక్టరు వాళ్ళు ఏం తింటున్నారో అడగాలి.