పంచెకు నీలిమందు, బుగ్గకు ఆకుపచ్చ

రండర్రా, అరుగు మీద నీడపట్టున కూర్చోండి. కొనకనమిట్ల ఎండ గురించి మీకు నేను చెప్పాలా! మే మొదటి వారంలో ఒకరోజు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. అప్పుడు వాకిట్లో రోకలి నిలబెట్టి చూడండి, నీడ దాని కాళ్ళకిందే ముడుచుకుంటుంది. ఆగస్టు రెండో వారంలో మళ్ళీ ఇంకోసారి ఇదే తంతు.

మొన్న అట్లాంటి ఎండలోనే మా మేనకోడలు పొదిలి నుంచి వచ్చింది. గడప దాటకముందే మీ అవ్వ, "ఏమే, చెంపలు ఎవరు వాయించారే?" అంది. నిజంగా అట్లాగే ఉంది మరి! బుగ్గలూ ముక్కూ కందిపోయి, మీద సన్నటి పొక్కులు. మొటిమలని ఏడాదిపాటు ఏవేవో పూసిందంట. డాక్టరు చూసి రొజేషియా అన్నాడు. మనలాంటి చామనచాయ మొహాల్లో ఎరుపు అంత తేలిగ్గా బయటపడదు. నల్లగా కమిలినట్టుంటుంది, మంటా చిమచిమా ఉంటాయి. అందుకే గుర్తుపట్టడం ఆలస్యమవుతుంది.

బుగ్గల చర్మం కింద వెంట్రుకకన్నా సన్నటి నెత్తురు కాలవలు ఉంటాయి. ఒంటికి వేడి తగిలితే తూములు తెరుచుకుని నెత్తురు పైకి వస్తుంది, వేడి బయటికి పోతుంది, తూములు మళ్ళీ మూసుకుంటాయి. రొజేషియా వాళ్ళకు ఆ తూము తలుపు వదులు. తెరుచుకోవడమే గానీ ఒకపట్టాన మూసుకోదు.

మరి గొడ్డుకారం తింటే మొహం ఎందుకు ఎర్రబడుతుంది? మిరపకాయ పొయ్యి మీద లేదు గదా! అమెరికాలో డేవిడ్ జూలియస్ అనే ఆయన బృందం 1997లో ఈ కిటుకు పట్టుకుంది. మన నరాల చివర ఒక కాపలాదారు ఉంటాడు. దాదాపు 43 డిగ్రీల వేడి తగిలితే 'కాలుతోంది' అని కేకేస్తాడు. మిరపలోని కారం కూడా వాడినే తట్టి లేపుతుంది. పిచ్చోడు, నిప్పుకూ మిరపకూ తేడా తెలియక అదే కేక వేస్తాడు. 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. కాబట్టి సంగట్లో గొడ్డుకారం, పొయ్యి సెగ, మన మిట్టమధ్యాహ్నపు ఎండ వాడి లెక్కలో ఒకటే!

ఈ రొజేషియా ఇప్పటి రోగం కూడా కాదు. ఇటలీలో గిర్లాండాయో అనే చిత్రకారుడు 1490 ప్రాంతంలో ఒక తాతనూ మనవడినీ గీశాడు. తాత ముక్కు బుడిపెలు బుడిపెలుగా ఉబ్బి ఉంటుంది. రొజేషియా ముదిరితే ముక్కు అట్లా అవుతుందంటారు. మనవడేమో ఆ ముక్కు పట్టించుకోకుండా తాత కళ్ళలోకే చూస్తుంటాడు. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉందది. నాకెందుకో భలే ఇష్టం.

సరే, వైద్యం. మీ అవ్వ వెంటనే నలుగుపిండి తీసింది. వద్దన్నాను! పుండు మీద గరుకురాయి పెట్టినట్టే అది. నిమ్మరసం వద్దు, ఆవిరి అసలే వద్దు. చల్లటి తడిగుడ్డ మంచిది. కలబంద గుజ్జు ముందు మోచేతి మడతలో రాసి ఒకరోజు ఆగాలి, దురద రాకపోతేనే మొహానికి. ఎండలోకి పోతే గొడుగో, కొంగో, సన్‌స్క్రీనో ఉండాల్సిందే. ఇవన్నీ మంట చల్లార్చేవే, రోగాన్ని కుదిర్చేవి కావు. డాక్టరు రాసిచ్చిన మందులో అజెలాయిక్ ఆమ్లం ఉంది. గోధుమ, బార్లీ గింజల్లోనూ ఉంటుందది. అట్లాగని గోధుమపిండి పూసుకునేరు!

అమ్మాయి అంతకుముందు ఏదో షాపులో తెల్లబడే క్రీము కొన్నది. అందులో స్టెరాయిడ్. పూసినన్నాళ్ళూ మొహం పాలమీగడలా ఉండి, ఆపగానే రెండింతలు మండింది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మొద్దని చెప్పింది, కొనేవాళ్ళు ఆగితే గదా.

పెళ్ళికి పోవాలి, ఎరుపు కనపడకూడదు, ఎట్లా మామా అని అడిగింది. నా పంచె చూపించాను. ఉతికీ ఉతికీ పసుపెక్కిన పంచెను మీ అవ్వ నీలిమందులో ఎందుకు ముంచుతుంది? నీలం పసుపును మింగేస్తుంది, కంటికి తెలుపు మిగులుతుంది. ఎరుపును మింగేది ఆకుపచ్చ. అందుకే ఆకుపచ్చ కన్సీలర్ అని అమ్ముతారు. ఎర్రటి చోట మాత్రం చుక్కచుక్కగా అద్ది, పైన ఒంటిరంగు పూత వేస్తారు. నీలిమందు ఎక్కువైతే పంచె ఏమవుతుంది? నీలంగా నవ్వులపాలవుతుంది! చామనచాయ మీద ఆకుపచ్చ ఎక్కువైనా అంతే, మొహం బూడిద పూసినట్టుంటుంది.

నమ్మకం లేదా? చిన్నోడా, నాలుగు ఎర్రటి ఎండుమిరపకాయలు తెచ్చి ఈ తెల్ల తువ్వాల మీద పెట్టు. రెప్ప కొట్టకుండా ముప్పై లెక్కపెట్టు. ఇప్పుడు ఆ సున్నం గోడకేసి చూడు. ఏం రంగు కాయలు కనపడుతున్నాయిరా?