ఓడిన ఓటును తిరిగి అడగవచ్చునా?

1970 సెప్టెంబర్ 5న మాజీ సంస్థానాధీశుల రాజభరణాల రద్దుకు ఉద్దేశించిన రాజ్యాంగ సవరణ బిల్లుపై రాజ్యసభలో ఓటింగ్ జరిగింది. అనుకూలంగా 149, వ్యతిరేకంగా 75 ఓట్లు లభించాయి. సాధారణ బిల్లు విషయంలో ఇది ఘనవిజయమే. అయితే రాజ్యాంగ సవరణకు హాజరై ఓటు చేసిన సభ్యులలో మూడింట రెండు వంతుల మంది ఆమోదం తప్పనిసరి. 224లో మూడింట రెండు వంతులంటే 149.33. కావలసినవారు 150 మంది. మూడు రోజుల ముందు లోక్‌సభ ఆమోదించిన బిల్లు ఒక్క ఓటు కొరతతో పెద్దల సభలో వీగిపోయింది.

ఇటువంటి స్వల్ప తేడా ఎదురైనప్పుడు మరొక్కసారి ఓటింగ్ జరిపితే సరిపోతుంది కదా అన్న ప్రశ్న సహజం. ఒక సమావేశాల కాలంలో సభ తేల్చిన అంశాన్ని సారంలో మార్పు లేకుండా అదే సమావేశాలలో తిరిగి తేరాదన్నది దీనికి పార్లమెంటరీ సంప్రదాయం ఇచ్చే సమాధానం. లోక్‌సభ నియమావళిలోని 338వ నిబంధన తీర్మానాలకు ఈ సూత్రాన్నే వర్తింపజేస్తుంది. దీని మూలాలు బ్రిటన్‌లో ఉన్నాయి. యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలగే ఒప్పందం రెండుసార్లు తిరస్కరణకు గురైన తరువాత, 2019 మార్చి 18న కామన్స్ సభ స్పీకర్ జాన్ బెర్కో 1604 నాటి పూర్వోదాహరణను చూపి, అదే ప్రతిపాదనను యథాతథంగా మూడోసారి తేవడానికి వీలులేదని ప్రకటించారు.

పొరపాట్లను దిద్దుకొనే అవకాశం లేకపోలేదు. మూజువాణి ఓటుపై స్పీకర్ అభిప్రాయాన్ని సభ్యులు సవాలు చేస్తే లాబీలు ఖాళీ చేయించి, మూడున్నర నిమిషాల తరువాత ప్రశ్నను రెండోసారి సభ ముందు ఉంచుతారు. అప్పటికీ సవాలు ఎదురైతే డివిజన్ జరుపుతారు. మీట నొక్కడంలో తప్పు జరిగితే చీటీల ద్వారా సరిచేసుకోవచ్చు. అయితే ఇదంతా ఫలితం ప్రకటించే లోపే. ప్రకటించిన ఫలితాన్ని సవాలు చేయరాదు.

1970లో ఇందిరాగాంధీ ప్రభుత్వం బిల్లును మళ్లీ సభ ముందుకు తేలేదు. అడ్డదారి వెతికింది. మర్నాడే రాష్ట్రపతి ఉత్తర్వుతో సంస్థానాధీశులందరి గుర్తింపును ఉపసంహరించింది. గ్వాలియర్‌కు చెందిన మాధవరావు సింధియా ప్రభృతులు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. డిసెంబర్ 15న 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పుతో ఆ ఉత్తర్వును కొట్టివేసింది. సభ ఇవ్వని అధికారాన్ని కలంపోటుతో తెచ్చుకోవడం సాధ్యం కాదని తేలిపోయింది. ఆ నెలలోనే లోక్‌సభ రద్దయింది. 1971 మార్చి ఎన్నికలలో 352 స్థానాలు గెలిచి వచ్చిన ప్రభుత్వం కొత్త బిల్లును ప్రవేశపెట్టి, 26వ రాజ్యాంగ సవరణ ద్వారా అదే ఏడాది డిసెంబర్‌లో రాజభరణాలకు స్వస్తి పలికింది.

మరో ఒక్క ఓటు కథ తెలుగువారికి మరింత సన్నిహితమైనది. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వ విశ్వాస తీర్మానం 269-270 ఓట్ల తేడాతో ఓడింది. అప్పటికి రెండు నెలలుగా ఒడిశా ముఖ్యమంత్రిగా ఉన్న గిరిధర్ గమాంగ్ లోక్‌సభ సభ్యత్వాన్ని వదులుకోలేదు. ఆయన ఓటు వేయవచ్చునా అన్న వివాదంలో స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి నిర్ణయాన్ని ఆయన అంతరాత్మకే వదిలివేశారు. గమాంగ్ వ్యతిరేకంగా ఓటు వేశారు. అమలాపురం నుంచి ఎన్నికైన బాలయోగి ప్రభుత్వానికి మద్దతు ఇస్తున్న తెలుగుదేశం పార్టీకి చెందినవారు. ఆయన ప్రకటించిన ఫలితమే ఆ ప్రభుత్వాన్ని దించింది. ఆ ఓటుపై విమర్శలు ఎన్ని వచ్చినా తిరిగి ఓటింగ్ జరగలేదు. ప్రధాని రాజీనామా చేశారు. ప్రత్యామ్నాయ ప్రభుత్వం ఏర్పడక లోక్‌సభ రద్దయింది. ఎన్నికల అనంతరం అక్టోబర్‌లో వాజ్‌పేయి మళ్లీ ప్రమాణ స్వీకారం చేశారు.

రెండు సందర్భాలలోనూ ఓడినవారు చివరకు తాము కోరినది పొందారు. అయితే ప్రజల వద్దకు వెళ్లి వచ్చిన తరువాతనే పొందారు. గెలిచేదాకా ఓటింగ్ జరపగల ప్రభుత్వానికి సభలో ఓటమి ఉండదు. ఓటమి లేని చోట సభ్యుని ఓటుకు విలువ ఉండదు. ఆ 150వ ఓటు లేని లోటును సభ గుర్తించబట్టే మిగిలిన 149 ఓట్లకూ అర్థం మిగిలింది.