గృహరక్షణమునకు తూటాల యెంపిక

పంట యింటికి చేరిన దినములలో రైతునకు నిద్ర తక్కువ. ధాన్యము గాదెకెక్కును, జీడిపిక్కలమ్మిన సొమ్ము పెట్టె చేరును, వానివెంట దొంగభయమును చేరును. ఆ భయముచేత లైసెన్సుపై తుపాకి యుంచుకొన్న కుటుంబములు మన శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో కొన్ని కలవు. తుపాకి గోడకు వ్రేలాడుచుండును. తూటాలు ఏ పెట్టెలోనో పడియుండును. వీనిలో గృహరక్షణమునకు తగినదేది యని యడిగినచో, "పెద్ద గుండు గలదే మంచిది" యను సమాధానము తరచుగా వినవచ్చును. ఈ మాట నమ్మదగినది కాదు. ఇంటిలో వాడు తూటాను దొంగను బట్టి గాక, దొంగ వెనుకనున్న గోడను, ఆ గోడకావల నిద్రించువారిని బట్టి యెంచవలెనని మా మనవి. అందులకు గల కారణముల నీ క్రింద వివరించుచున్నాము.

మొదట శాసనమును గూర్చి రెండు మాటలు. 1878వ సంవత్సరపు ఆయుధశాసనము స్థానమున 1959లో నూతన శాసనము చేయబడి, 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. ఇరువది అంగుళములకు తక్కువ కాని నునుపు గొట్టము గల తుపాకిని ఆత్మరక్షణకును, మూతినుండి మందు దట్టించు తుపాకిని నిజమైన పంటరక్షణకును కోరువారికి లైసెన్సు నిచ్చు విధము ఆ శాసనములో చెప్పబడినది. 2019లో జరిగిన సవరణ ననుసరించి సామాన్యముగా ఒకనికి రెండు తుపాకులకు మించి యుండరాదు. లైసెన్సు గడువు అయిదు సంవత్సరములు. తుపాకికి లైసెన్సున్నంత మాత్రమున తూటాలు కోరినన్ని కొనుటకు వీలులేదు. ఒక్కసారి యెన్ని యుంచుకొనవచ్చునో, సంవత్సరమున కెన్ని కొనవచ్చునో ఆ పత్రమునందే వ్రాయబడియుండును. తండ్రి గతించిన పిమ్మట ఆయన లైసెన్సు కుమారునకు చెల్లదు. కుమారుడు తనపేర లైసెన్సు పొందువరకు తుపాకిని, తూటాలను పోలీసు ఠాణాలోగాని లైసెన్సుగల వర్తకునియొద్దగాని అప్పగించవలెను. లైసెన్సు లేని తుపాకి యింటనున్నచో రెండునుండి అయిదు సంవత్సరముల వరకు కారాగారశిక్ష కలదు.

ఇక తూటా సంగతి. మన గ్రామములలో రక్షణకై యుంచుకొను తుపాకి సాధారణముగా 12 బోరుది. ఒక పౌను సీసమును పండ్రెండు సమానమైన గుండ్లుగా పోసినచో, ఒక్క గుండు ఏ గొట్టములో సరిగా పట్టునో అది 12 బోరు. దాని వ్యాసము సుమారు 18½ మిల్లీమీటర్లు. కావున అంకె పెరిగినకొలది గొట్టము సన్నమగును. 20 బోరు 12 బోరుకంటె చిన్నది. ఇందొక గొప్ప ప్రమాదము దాగియున్నది. పొరపాటున 20 బోరు తూటాను 12 బోరు తుపాకిలో వేసినచో అది లోనికి జారి గొట్టములో చిక్కుకొనును. తుపాకి ఖాళీగా నున్నదని తలచి దాని వెనుక 12 బోరు తూటా వేసి పేల్చినచో గొట్టమే బ్రద్దలగును; చేయి పోవచ్చును, ప్రాణమే పోవచ్చును. అందువలననే అనేక దేశములలో 20 బోరు తూటాలకు పసుపు రంగు వేయుదురు. రెండు బోరుల తూటాలు ఒక్క యింట కలిసియుండరాదు.

పొడవును గూడ చూడవలెను. పాత తుపాకులలో తూటా పట్టు గది 65 మిల్లీమీటర్లుండును. క్రొత్తవానిలో 70 గాని అంతకు మించి గాని యుండును. తూటాపై వ్రాసిన పొడవు, అది పేలి మూతి విచ్చుకొన్న పిమ్మటి పొడవు. కావున 70 మిల్లీమీటర్ల తూటా 65 గదిలో సులభముగానే దూరును. పేలినప్పుడు విచ్చుకొనుటకు చోటు చాలక లోపలి యొత్తిడి మితిమీరును. "పట్టినది గనుక సరిపోయినది" యను వాదము ఇచ్చట చెల్లదు. ఇనుప తీగెలను మెలిత్రిప్పి చేసిన పూర్వపు గొట్టములు నల్లమందుకొరకు చేయబడినవి. నేటి పొగలేని మందు తూటాలను వానిలో పేల్చరాదు. గొట్టముపై ముద్రవేసిన అంకెలను ఆయుధముల పనివానిచేత చదివించుకొని, తూటా డబ్బాపై అంకెలతో సరిచూచుట మొదటి పని. తూటాలను లైసెన్సుగల వర్తకునియొద్దనే కొనవలెను. మన దేశమున 1869లో స్థాపింపబడిన ఖడ్కీ మందుగుండు కర్మాగారమునుండి 12 బోరు తూటాలు వచ్చుచున్నవి.

తూటాలో పోసిన సీసపు రవల పరిమాణమును బట్టి తూటాలకు పేర్లు. ఒక ఔన్సు సీసమునకు, అనగా సుమారు రెండున్నర తులములకు, ఎల్.జి. రవలు 6, ఎస్.జి. రవలు 8, బి.బి. రవలు 70, నాలుగవ నంబరువి 170, ఆరవ నంబరువి 270 వచ్చును. రవ పెద్దదైనకొలది దూరము పోవును. ఆరవ నంబరు రవ మహా యైనచో రెండువందల మీటర్లు పోయి నేల వ్రాలును. ఎల్.జి., ఎస్.జి. రవలు ఆరువందల మీటర్లకు పైగా పోగలవు. ఒంటి గుండు తూటా వీనినన్నిటిని మించిపోవును.

ఈ లెక్కలను మన గ్రామములకు అన్వయించి చూడుడు. మన యూళ్లలో ఇండ్లు వరుసగా నుండును. ఒక గోడ ఇరువురి సొత్తు. ఇటు దొంగ వచ్చినచో అటు పొరుగువారి పసిబిడ్డ నిద్రించుచుండును. పూర్వపు మందపు మట్టిగోడ కొంత అడ్డుకొనునేమో గాని, తలుపు చెక్కను, తడికను, రేకును, తాటాకును పెద్ద రవలు లెక్కచేయవు. ఉద్దానపు తోటలలో ఇల్లు ఒంటరిగా నున్నట్లు కనబడినను, కొబ్బరి చెట్ల నడుమ నూరు అడుగుల దూరమున మరియొక యిల్లుండును; చీకటిలో అది కానరాదు. కావున ఊరి నడుమ కాపురముండువారు ఒంటి గుండును, ఎల్.జి., ఎస్.జి. తూటాలను గృహరక్షణమునకు వాడకుండుటయే మేలని మా యభిప్రాయము. లైసెన్సుండి తుపాకి తప్పదనుకొన్నవారికి చిన్నరవ తూటాయే తక్కువ కీడు చేయునది. గోడ దాటినను దాని బలము త్వరగా తగ్గును.

అయితే చిన్న రవ అనగా ప్రాణాపాయము లేనిదని యెవరును భ్రమపడరాదు. గదిలో నాలుగైదు మీటర్ల దూరమున రవలన్నియు ఇంకను విడిపోవు. జానెడు వెడల్పుకు మించక ఒక్క ముద్దవలె తాకును. ఆ దెబ్బ మనిషిని చంపును. "రవలు చెదరును గనుక గురి యక్కరలేదు" అను మాటయు ఇందువలననే తప్పు. ముప్పదియైదు మీటర్ల దూరమునగాని అవి మీటరు వెడల్పున వ్యాపింపవు. బెదిరించుటకని గాలిలోనికి పేల్చుటయు మంచిది కాదు. పైకి పోయిన సీసము ఎక్కడనో ఒకచోట దిగక తప్పదు.

మూతినుండి దట్టించు తుపాకికి మరియొక దోషము కలదు. నల్లమందుపై దట్టించిన పీచు నిప్పంటుకొని బయట పడును. తాటాకు చుట్టిళ్లున్నచోట, గడ్డివాముల దాపున దానిని పేల్చుట ఊరికి నిప్పు పెట్టుటతో సమానము. మందును చేత కలిపి తూటాలు చేసుకొనుట శాసనవిరుద్ధము. చేయువాని ప్రాణమునకును చేటు.

కొందరు సభ్యులు వన్యమృగములను గూర్చి తలపవచ్చును. సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో ఎలుగుబంట్ల వలనను, ఒడిశా కొండలనుండి దిగు ఏనుగుల వలనను రైతులు పడు కష్టము మాకు తెలియును. కాని ఈ రెండు మృగములును 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ శాసనముయొక్క మొదటి షెడ్యూలులో చేరినవి. ప్రాణము కాపాడుకొనుటకు వేరు దారిలేని సందర్భమున తప్ప వానిపై తుపాకి యెత్తుట నేరము. పైగా చిన్న రవ తగిలిన ఎలుగు చావదు. గాయపడి మరింత క్రూరమగును. ఇంటికొరకు కొన్న తూటా తోటలో అక్కరకు రాదు. అటవీశాఖవారికి కబురంపుట, చీకటిలో ఒంటరిగా పోకుండుట, దీపముతోను చప్పుడుతోను నడచుట – ఇవియే అచ్చటి రక్షణ.

తూటాలను నిలువచేయుటలో మన సముద్రతీరపు తేమ పెద్ద శత్రువు. కాగితపు తూటాలు ఉబ్బును. అడుగు లోహము త్రుప్పుపట్టును. వానిని పొడి డబ్బాలో, పొయ్యికి దూరముగా, తుపాకినుండి వేరుగా, వేరు తాళముతో నుంచవలెను. రెండు తాళపుచెవులును లైసెన్సుదారునియొద్దనే యుండవలెను. గాదెలోను, పరుపు క్రిందను, పిల్లలకందు గూటిలోను ఉంచరాదు. 2018 అక్టోబరు 11న పలాసవద్ద తీరము దాటిన తిత్లీ తుపానువంటి విపత్తులలో తడిసిన తూటాలను ఎండబెట్టి వాడవలెనని చూడక, పోలీసులకో వర్తకునికో అప్పగింపవలెను. పాతిపెట్టుట, కాల్చుట కూడదు. మీట నొక్కినను పేలని తూటా కొంత తడవున పేలవచ్చును. తుపాకి మూతిని నిరపాయమైన దిక్కున ఒక నిమిషమైన నిలిపి, పిమ్మట తెరువవలెను. తుపాకియే దొంగల కాశ పుట్టించు వస్తువని గూడ మరువరాదు. 1922 ఆగష్టులో అల్లూరి సీతారామరాజు దళము చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడినది తుపాకులకును తూటాలకునే. ఠాణాలోనివే నిలువనప్పుడు తాళములేని యింటి తుపాకి మాట చెప్పనేల?

చివరకు హక్కును గూర్చి. 2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 34నుండి 44వ సెక్షను వరకు ఆత్మరక్షణ హక్కును చెప్పుచున్నది. దోపిడి, రాత్రివేళ ఇల్లు పగులగొట్టి చొరబడుట, నివాసగృహమునకు నిప్పుపెట్టుట వంటి సందర్భములలో ఆ హక్కు ప్రాణము తీయువరకు పోవచ్చును. కాని రక్షణకు కావలసినంతకు మించి హాని చేయుటకు హక్కులేదు. అధికారుల సాయము పొందుటకు వ్యవధి యున్నచోట అసలే లేదు. కోడిని పట్టుకొని పారిపోవువాని వీపున కాల్చినవాడు రక్షకుడు కాడు, ముద్దాయి.

మన జిల్లాలనుండి చెన్నపట్టణమునకు, హైదరాబాదునకు కూలికి వలసపోయినవారు ఎందరో కలరు. వారిలో ఒకడు తెల్లవారుజామున రైలు దిగి, తల్లిని లేపుటెందుకని పెరటి తలుపు నెట్టవచ్చును. చీకటిలో ఆ చప్పుడు దొంగ చప్పుడువలెనే యుండును. దీపము వెలిగించి, "ఎవరది?" యని కేకవేసి, ముఖము చూడక మీటపై వ్రేలుంచినవానికి ఏ నంబరు రవయు మేలు చేయదు. అందుచేత తుపాకికి ముందు గట్టి గడియ, వాకిట దీపము, మొరిగెడి కుక్క, పిలిచిన పలుకు పొరుగు, 112 నంబరుకు ఫోను – వీనిని సిద్ధపరచుకొనుడు. తుపాకి గల సభ్యులు రేపు పగటి వెలుతురున దానిని ఖాళీచేసి, లైసెన్సు గడువును, గొట్టముపై అంకెలను, తూటాల బోరును, పొడవును, సంఖ్యను ఒక్కసారి సరిచూచుకొందురుగాక. సరిపడనిది ఒక్కటి కనబడినను దానిని ఇంటనుంచక అప్పగింపుడు.