డాక్టరేట్ తర్వాత కూడా చదువు ఉంది

చరిత్రలో పీహెచ్‌డీ పూర్తయిందనగానే ఇంట్లో ఎదురయ్యే మొదటి ప్రశ్న "ఉద్యోగమెప్పుడు?" అమ్మాయి అయితే "పెళ్ళెప్పుడు?" రెండూ సహజమైన ప్రశ్నలే. కానీ చరిత్రకారుడి అసలు పని డాక్టరేట్ తర్వాతే మొదలవుతుందన్న విషయం మన కుటుంబాల్లో చాలామందికి తెలియదు. ఆ పనికి కావలసిన తీరికనూ, భృతినీ సమకూర్చే ఏర్పాటునే పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ అంటారు.

థీసిస్ అనేది పరీక్షకుల కోసం రాసేది. గైడు చెప్పిన హద్దుల్లో, గడువు లోపల ముగించవలసినది. దానిని పదిమంది చదివే పుస్తకంగా మలచాలన్నా, కొత్త ప్రశ్నను ఎత్తుకోవాలన్నా ఒకటి రెండేళ్ళు పాత కాగితాల మధ్య కూర్చోవాలి. వారానికి పదహారు క్లాసులు చెప్పే లెక్చరర్‌కు అది సాధ్యమయ్యే పని కాదు. ఫెలోషిప్ దానధర్మం కాదు, అరువు కాదు. చదవడానికి ఇచ్చే వేతనం.

తీన్‌మూర్తి భవన్

ఇలాంటి ఫెలోషిప్‌లను దశాబ్దాలుగా ఇస్తూ వచ్చిన సంస్థల్లో ఢిల్లీలోని తీన్‌మూర్తి భవన్ ముఖ్యమైనది. ఆంగ్లేయుల సర్వసేనాని కోసం కట్టిన ఆ భవనంలో 1948 నుంచి 1964లో మరణించే వరకు జవహర్‌లాల్ నెహ్రూ నివసించారు. ఆయన మరణించిన ఏడాదే నవంబరు 14న అక్కడ మ్యూజియం వెలిసింది. గ్రంథాలయం కొత్త భవనాన్ని 1974లో రాష్ట్రపతి వి.వి.గిరి ప్రారంభించారు. నెహ్రూ స్మారక మ్యూజియం, గ్రంథాలయంగా పేరుపొందిన ఈ సంస్థ పేరు 2023లో ప్రధానమంత్రుల మ్యూజియం, గ్రంథాలయంగా మారింది.

సందర్శకులు మ్యూజియం చూసి వెళ్ళిపోతారు. పరిశోధకులు వచ్చేది పక్కనున్న గ్రంథాలయానికి. నాయకుల సొంత ఉత్తరాలు, సంస్థల రికార్డులు, మైక్రోఫిల్మ్‌పై పాత పత్రికలు, స్వాతంత్ర్య పోరాటంలో పాల్గొన్నవారితో జరిపిన మౌఖిక సంభాషణలు అక్కడ ఉన్నాయి. హైదరాబాద్‌లో పుట్టి పశ్చిమ బెంగాల్ గవర్నర్ అయిన పద్మజా నాయుడు ఉత్తరాలూ అక్కడే ఉన్నాయి. అంటే మన నగరం కథలో కొంత భాగం ఢిల్లీ అలమరాల్లో ఉందన్నమాట.

ఒక నివేదిక చెప్పే పాఠం

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఆ తర్వాత హైదరాబాద్ సంస్థానంలో పరిస్థితులను చూసి రావడానికి కేంద్రం పండిట్ సుందర్‌లాల్ నాయకత్వంలో ఒక బృందాన్ని పంపింది. 'పయామ్' ఉర్దూ దినపత్రికకు సంపాదకుడిగా పనిచేసిన ఖాజీ అబ్దుల్ గఫార్ అందులో సభ్యులు. తక్కువలో తక్కువ అంచనా వేసినా 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయారని ఆ బృందం రాసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు ప్రచురణకు నోచుకోలేదు. 2013 నాటికి తీన్‌మూర్తి గ్రంథాలయంలో దానిని చూసే వీలు కలిగింది.

నివేదిక దొరికింది కదా, ఇక పరిశోధన దేనికని అడగవచ్చు. ఆ బృందం తిరిగింది సంస్థానంలోని 16 జిల్లాల్లో తొమ్మిదింటే. మిగిలినవాటి మాటేమిటి? అంకె ఎలా లెక్కగట్టారు? రజాకార్ల చేతిలో అంతకుముందు నష్టపోయినవారు ఏమన్నారు? ఏ ఊళ్ళలో హిందువులు తమ ముస్లిం పొరుగువారిని కాపాడారు? ఇవి తేలాలంటే ఢిల్లీ కాగితాన్ని హైదరాబాద్ కాగితం పక్కన పెట్టాలి, రెంటినీ ఊళ్ళో ముసలివారి మాటతో పోల్చాలి. ప్రతి ఇంటా ఒక కథ ఉంది. దానిని చరిత్రగా మార్చే కష్టం ఎవరో ఒకరు పడాలి. మనకు నచ్చే సాక్ష్యంతో పాటు నచ్చని సాక్ష్యాన్నీ రాయగలవారే ఆ పనికి తగినవారు.

మన చేతిలోని తాళం

నిజాం ప్రభుత్వంలో 1880లలో పర్షియన్ స్థానంలో ఉర్దూ కార్యాలయ భాష అయింది. ఆ కాలపు ఫైళ్ళు ఇంగ్లీషు మాత్రమే వచ్చినవారికి సగం కూడా తెరుచుకోవు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ వచ్చిన పరిశోధకుడికి తెరుచుకుంటాయి. ఈ మూడు భాషల మధ్య పెరుగుతున్నది మన పిల్లలే. కానీ ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు ఉర్దూ లిపి చదవలేకపోవడం మేము ఏటేటా చూస్తున్నాం. ఇంకో తరం గడిస్తే తాతగారి చేతిరాతను మనవడు పరాయివాడి చేత చదివించుకోవలసి వస్తుంది.

ఉస్మానియాలో ఆచార్యులుగా పనిచేసిన హారూన్ ఖాన్ షేర్వానీ కుతుబ్‌షాహీల చరిత్రపై తన పెద్ద గ్రంథాన్ని 1974లో, ఎనభై దాటిన వయసులో వెలువరించారు. ఆ ఓపికకు భాషాజ్ఞానమే బలం.

దరఖాస్తు చేసేముందు

ఫెలోషిప్‌ల సంఖ్య, భృతి, గడువు ప్రకటనను బట్టి మారుతుంటాయి. కనుక సంస్థ ప్రకటనను స్వయంగా చదవాలి. ఎంపికలో ప్రధానమైనది పరిశోధన ప్రతిపాదన. "హైదరాబాద్ ముస్లింల చరిత్ర" అని రాస్తే అది సముద్రం. "1917లో ఏర్పడిన ఉస్మానియా అనువాద శాఖ విజ్ఞానశాస్త్ర పదాలను ఉర్దూలో ఎలా తయారుచేసింది?" అంటే అది ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబిచ్చే కాగితాలు ఎక్కడున్నాయి, ఏ భాషలో ఉన్నాయి, ఇదివరకు ఎవరేమి రాశారు, తాను కొత్తగా చెప్పబోయేదేమిటి అన్నవి ప్రతిపాదనలో స్పష్టంగా ఉండాలి. ఒకసారి రాకపోతే ప్రతిపాదనను దిద్దుకుని మళ్ళీ పంపాలి.

తల్లిదండ్రులకు రెండు మాటలు. ఢిల్లీలో ఆడపిల్ల ఎలా ఉంటుందన్న దిగులు మాకు అర్థమవుతుంది. వెళ్ళి చూడండి, వసతి గురించి విచారించండి, ఆ తర్వాతే నిర్ణయించండి. వినకుండానే కాదనకండి. రెండోది, అటక మీది ట్రంకుపెట్టెలో ఉన్న ఉత్తరాలు, దస్తావేజులు, పాత పత్రికలను తూకానికి వేయకండి. ఎవరు ఎవరికి రాశారో పెద్దవారిని అడిగి, ఒక కాగితం మీద రాసి, దానితో పాటే ఉంచండి. రేపు ఆ పెట్టె తెరిచే పరిశోధకురాలు మీ మనవరాలే కావచ్చు. ఆమెకు ఆ లిపి చదవడం ఈనాడే నేర్పండి.